కుర్రకారు నవలల్లో బట్టలు, ఇంటి గొడవలు: పాత్ర ఎక్కడ బయటపడుతుంది?

చంపావతి గట్టు

విజయనగరంలో మేం కొంతమందిమి కలిసి ఆదివారాలు ఇంటర్, డిగ్రీ పిల్లల చేత నవలలు చదివిస్తున్నాం. ఈ నెల చదివింది ‘ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’, 1908లో వచ్చిన కెనడా నవల. పిల్లలకి అన్నిటికంటే పట్టేసిన ఘట్టం ఏదో తెలుసా? ముసలి మాథ్యూ గౌను కొనడానికి బజారుకెళ్లి, కొనలేక తిరిగి రావడం.

చదవని వాళ్ల కోసం చెప్తాను. ఒక అన్నా, చెల్లెలూ. ఇద్దరికీ పెళ్లిళ్లు లేవు, వయసైపోయింది. పొలం పనికి మగపిల్లాడు కావాలని అనాథాశ్రమానికి కబురు పెడితే పొరపాటున ఆడపిల్ల దిగింది. చెల్లెలు మారిల్లా ఆ పిల్లకి మూడు గౌన్లు కుట్టింది. గట్టి గుడ్డ, మూడూ ఒకే కుట్టు, చేతులు బిగుతు. ఊళ్లో ఆడపిల్లలందరివీ బుట్టచేతులు. మాథ్యూ బట్టల సంగతి పట్టించుకునే మనిషే కాదు. ఒక సాయంత్రం మిగతా పిల్లల మధ్య తన పిల్లని చూస్తే ఏదో తేడాగా అనిపించింది. రెండు గంటలు పైపు కాల్చుకుంటూ ఆలోచిస్తే గానీ ఆ తేడా బట్టల్లో ఉందని తట్టలేదు. సరే, కొందామని వెళ్లాడు. కొట్లో బేరం చూసేది ఒక అమ్మాయి. ఆడవాళ్లంటే మాథ్యూకి నోరు పెగలదు. డిసెంబరు చలిలో తోట ఊడ్చే పళ్లకర్ర ఒకటి, ఇరవై పౌన్ల ముడి పంచదార కొనేసి ఇంటికొచ్చేశాడు. చివరికి పొరుగావిడని బతిమాలి కుట్టించాడు.

నాకు అనిపించింది ఏమిటంటే, ఆ బుట్టచేతుల గౌను ఆ పిల్ల గురించి చెప్పింది తక్కువ. మాథ్యూ గురించీ మారిల్లా గురించీ చెప్పింది ఎక్కువ. మన తెలుగులో ఈ వయసు పిల్లల మీద రాసేవాళ్లు బట్టల్ని ఇలా వాడుతున్నారా? మీ అభిప్రాయం ఇక్కడ కింద రాయండి.

మూడు లాంతర్లు

వాడటం లేదు. మనవాళ్లకి బట్టలంటే రెండే. హీరోయిన్ వచ్చిందంటే లేత నీలం ఓణీ, పేదవాడొచ్చాడంటే చిరుగుల చొక్కా. అక్కడితో రచయిత చేతులు దులిపేసుకుంటాడు. అసలు నన్నడిగితే ఈ బట్టల గోలే వద్దంటాను. మనిషి బయటపడేది మాటలోనూ, కష్టమొచ్చినప్పుడు చేసే పనిలోనూ. ముప్పై ఏళ్లుగా కథలు చదువుతున్నాను, ఒక్క చొక్కా నాకు గుర్తు లేదు.

కోట జంక్షన్

సార్, ఒక్క చొక్కా గుర్తు లేదంటే ఆ కథలు రాసినవాళ్ల తప్పు కదా? చొక్కాదా?

కుట్టుమిషన్ (రాజాం)

నేను కథలు రాయను, జాకెట్లు కుడతాను. కానీ ఇక్కడ ఒక మాట చెప్పాలనిపించింది.

నా దగ్గరికి తల్లీ కూతుళ్లు గుడ్డ పట్టుకుని వస్తారు. గుడ్డ చూస్తే నాకు ఏమీ తెలీదు. ఈ రోజుల్లో గుడ్డ అందరిదీ ఒకలాగే ఉంటుంది. వాళ్లు అడిగేది వింటే ఇల్లు మొత్తం తెలిసిపోతుంది. ఒక తల్లి “పక్కల్లో గుడ్డ బాగా వదలమ్మా, డిగ్రీ అయ్యేదాకా రావాలి” అంటుంది. ఇంకొకామె “వదలొద్దు, మందంగా కనిపిస్తాది, వచ్చే ఏడు కొత్తది కుట్టిస్తాం” అంటుంది. మొదటామె పేదది అనుకుంటున్నారు కదా? కాదు. ఆమెకి రెండు మేడలున్నాయి. రెండో ఆమె ఇళ్లల్లో పాచిపని చేసుకుంటుంది.

ఇంకోటి. తల్లి “మెడ పైకి పెట్టు” అని చెప్పి వెళ్తుంది. సాయంత్రం ట్యూషన్ వంకతో ఆ పిల్ల ఒక్కతే వచ్చి, ఫోన్లో బొమ్మ చూపించి “ఆంటీ, ఒక్క వేలు కిందకి” అంటుంది. నేను అర వేలు దించుతాను. తల్లికి తెలీదు, పిల్లకి తృప్తి ఉండదు. ఇద్దరూ డబ్బులిస్తారు.

పరికిణీ అంచు మడత విప్పితే పాత మడత గీత కనిపిస్తుంది, దాని కింద వెలిసిపోని రంగు పట్టీ ఉంటుంది. ఏడాదికో గీత. పిల్ల ఎప్పుడు ఎంత ఎదిగిందో అక్కడ రాసుంటుంది. లేత నీలం ఓణీ అని రాసేవాళ్లకి ఇది తెలీదు, ఎందుకంటే వాళ్లు గుడ్డని ఎదురుగా నిలబడి చూస్తారు. తిరగేసి చూడరు.

మూడు లాంతర్లు

అమ్మా, మీరు కథలు రాయనంటున్నారు గానీ ఆ అర వేలు కథే.

అయినా నా మాట నాదే. అక్కడ పాత్ర బయటపడింది జాకెట్టు వల్ల కాదు, పిల్ల ఒంటరిగా తిరిగి రావడం వల్ల. అది పని. నేను అన్నదీ అదే.

చంపావతి గట్టు

మాస్టారూ, మీరు గెలిచామనుకుంటున్నారు గానీ నేనూ అదే అంటున్నాను. జాకెట్టు లేకపోతే ఆ పిల్ల తిరిగి రాదు కదా. బట్టని వర్ణించడం వేరు, ఇంట్లో నలుగురి మధ్య అది ఎలా తిరిగిందో చెప్పడం వేరు.

‘లిటిల్ ఉమెన్’ చూడండి, మొదటి భాగం 1868లో వచ్చింది. అక్కచెల్లెళ్లిద్దరూ డాన్సుకి వెళ్లాలి. చెల్లెలు జో గౌను వెనకవైపు నిప్పుసెగకి మాడిపోయింది, గోడకి వీపు ఆనించి నిలబడితే తప్ప కుదరదు. చేతి తొడుగుల మీద నిమ్మరసం మరకలు. అక్క మెగ్‌కి పరువు ప్రాణం. దాంతో ఒప్పందం చేసుకుంటారు. అక్క మంచి తొడుగుల్లో ఒకటి జో తొడుక్కుంటుంది, రెండోది అక్కకే. ఇద్దరూ చెరో మరకది చేతిలో పట్టుకుంటారు. ఆ ఒక్క ఏర్పాటులో ఇద్దరి గుణాలూ, ఇంట్లో డబ్బు ఎంత ఉందో, ఒకరి మాట ఒకరు ఎంత వింటారో అంతా వచ్చేసింది. “జో దూకుడు పిల్ల” అని ఒక పేజీ రాసినా అంత రాదు.

ఉద్దానం గాలి

నేను సోంపేట వైపు దాన్ని. ఇక్కడ ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదలు. తప్పులుంటే ఏటీ అనుకోకండి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతి. కొబ్బరి చెట్లు, జీడి తోటలు పడిపోయినాయి, రోజుల తరబడి కరెంటు నేదు. తరవాత లారీల్లో పాత బట్టలొచ్చినాయి. మంచి మనసుతోనే పంపినారు. మా అమ్మ రెండు సంచులు తెచ్చింది. అందులో నాకొక టీషర్టు, దాని మీద హైదరాబాదులో ఏదో కంపెనీ పేరు. కొత్తదిలాగే ఉండీది. అమ్మ దాన్ని తిరగేసి తొడిగీది. కుట్లు బయటకి, పేరు లోపలికి. నాన్న “ఎందుకే పిల్లకి తిక్కగా తొడుగుతావు” అంటే మాట్లాడీది కాదు. నాకు అప్పట్లో కోపం వచ్చీది, క్లాసులో నవ్వీవారు.

ఎవరైనా నవల్లో తుపాను రాస్తే చెట్లు పడిపోవడం రాస్తారు. తప్పు కాదు గానీ మా ఇంట్లో తుపాను ఆ చొక్కాలో ఇంకో రెండేళ్లు ఉండిపోయింది.

కోట జంక్షన్

అప్పా, ఇది చదివేక నేనేం రాయాలో అర్థం కావట్లేదు.

మూడు లాంతర్లు

నాకు గుర్తున్న మొదటి చొక్కా ఇదే అవుతుంది. ఒప్పుకుంటున్నానని అనుకోవద్దు, ఆలోచిస్తున్నాను.

పొందూరు సన్నం

అందరూ చెప్తున్నారు కాబట్టి మా ఊరి ఖాదీ సంగతి. పొందూరు అనగానే రాసేవాళ్లందరూ ఒకటే రాస్తారు. వాలుగ చేప దవడ ఎముకతో కొండపత్తి ఏకడం, నూరు కౌంటు సన్నని నూలు, గాంధీగారు మెచ్చుకోవడం. అన్నీ నిజమే. దయచేసి నవల్లో మాత్రం ఆ చేప దవడ పెట్టకండి. అది పెట్టగానే మా అమ్మమ్మ మనిషి కాకుండా ఎగ్జిబిషన్ స్టాలు అయిపోతుంది.

మా ఇంట్లో జరిగేది రాయండి. అమ్మమ్మ జీవితమంతా సన్నఖాదీకి నూలు వడికింది. ఆవిడ కట్టింది మిల్లు చీర. ఖాదీ అమ్మే రేటు ఆవిడ కూలికి అందదు, అందినా గంజి పెట్టి ఇస్త్రీ చేసే ఓపిక ఎవరికుంది? నేను కాలేజీలో చేరినప్పుడు మావయ్య నాకు ఖాదీ చొక్కా కొనిస్తానంటే ఆవిడే వద్దంది. “అది ఓట్లడిగీవోళ్లు తొడుక్కునీది, గుంటడికి జీన్సు కొను” అంది. ఊరి గొప్ప గురించి ఉపన్యాసం దంచే ముసలమ్మని నవలల్లో చాలామందిని చూశాను. జీన్సు కొనమన్న ముసలమ్మ ఒక్కతి కూడా తగల్లేదు.

కుట్టుమిషన్ (రాజాం)

మీ అమ్మమ్మగారికి నా నమస్కారం చెప్పండి బాబూ.

కోట జంక్షన్

నాకొక అభ్యంతరం ఉంది. మీరందరూ చెప్పేవి కొరత ఉన్న ఇళ్లు. మడతలు, మరకలు, తిరగేసిన చొక్కాలు. మా బ్యాచ్‌లో అలా కనిపించదు. అందరికీ అవే జీన్సు, అవే షూస్, సగం ఫస్ట్ కాపీలే, అంటే బ్రాండు నకిలీలే. మా ఊళ్లో నారాయణపురం ఇంట్లో ఎంతుందో, కంటోన్మెంట్ ఇంట్లో ఎంతుందో బట్టల్ని బట్టి చెప్పలేరు. మరి మా మీద నవల రాస్తే ఏం చేస్తారు?

మా ఇంటి గొడవలు వేరే. చెల్లి ఆన్‌లైన్లో ఆర్డరు పెడుతుంది, క్యాష్ ఆన్ డెలివరీ. నాన్న డ్యూటీలో ఉండే టైమ్ చూసుకుంటుంది. డబ్బులు అమ్మ పోపులడబ్బాలోంచి ఇస్తుంది. ఒకసారి నాన్నకి నైట్ డ్యూటీ పడి పగలు ఇంట్లో ఉన్నాడు. డెలివరీ కుర్రాడు తలుపు కొట్టాడు. నాన్న డబ్బులిచ్చి ప్యాకెట్టు తీసుకుని, విప్పకుండా చెల్లి మంచం మీద పెట్టాడు. ఇవాళ్టికీ ఒక్క మాట అనలేదు. చెల్లి ఆ టాపు మాత్రం ఇంతవరకూ తొడుక్కోలేదు.

చంపావతి గట్టు

ఏమీ కనిపించదు అంటూనే నువ్వు చెప్పిందంతా బట్టల సంగతే కదయ్యా. మాథ్యూ పంచదార కొన్నట్టే మీ నాన్న ఆ ప్యాకెట్టు పెట్టాడు.

నాగావళి వంతెన

హాస్టల్ పిల్లల్ని మర్చిపోయారు. నేను గిరిజన సంక్షేమ హాస్టల్లో చదివాను, తరవాత అలాంటి చోటే పనిచేశాను. అక్కడ ఇల్లు కనిపించదు, కాబట్టి బట్టలే ఇల్లు.

అందరిదీ ఒకే యూనిఫాం. ఉతికి తాడు మీద వేస్తే ఎవరిదేదో తెలీదు. అందుకని కాలర్ లోపల మార్కింగ్ ఇంకుతో నంబరు. మా పెద్దవాళ్ల కాలంలో చాకళ్లు నల్లజీడి గింజ రసంతో గుర్తు పెట్టేవారు, ఎన్ని ఉతుకులు పడ్డా పోదు. మా హాస్టల్లో ఒక పిల్ల నంబరు పక్కన దారంతో చిన్న పువ్వు కుట్టుకుంది. వార్డెన్ విప్పించింది. మళ్లీ కుట్టుకుంది, ఈసారి జేబు లోపల.

ఆదివారం రంగు బట్టలు వేసుకోవచ్చు. ఆ రోజు ఎవరి తల్లిదండ్రులు వస్తారో, ఎవరివాళ్లు రారో ఉదయం ఏడింటికే తెలిసిపోయేది. రారని తెలిసిన పిల్లలు ఆదివారం కూడా యూనిఫామే వేసుకునేవాళ్లు. రంగు బట్టలు లేక కాదు. ట్రంకు పెట్టెలో మడత పెట్టి ఉండేవి.

శిరిమాను సంబరం

యూనిఫాం అన్నారు కాబట్టి. బడి కిట్టులో ఇచ్చే గుడ్డ నాణ్యత సంగతి ఎవరైనా మాట్లాడతారా? ఏ ప్రభుత్వం వచ్చినా...

చంపావతి గట్టు

దయచేసి ఆ చర్చ ఇక్కడ వద్దు. దానికి వేరే చోట్లు బోలెడున్నాయి.

శిరిమాను సంబరం

సరే, మేడమ్. అయితే సబ్జెక్టులోకే వస్తాను. ఆడపిల్లల బట్టల మీదే అందరూ పడ్డారు. మగపిల్లలకి పంచెల ఫంక్షన్ చేస్తారు కదా, దాని మీద ఎవరూ రాయరేం? పదకొండేళ్ల వాడికి జరీ పంచె కట్టి, నడుముకి బెల్టు బిగించి, కుర్చీలో కూర్చోబెట్టి అక్షింతలు వేస్తారు. వాడికి పంచె జారిపోతుందన్న భయం తప్ప ఇంకేమీ ఉండదు. చదివింపులు ఎవరెంత ఇచ్చారో పుస్తకంలో రాసుకునే చిన్నాన్న మొహం, జారే పంచె పట్టుకున్న వాడి మొహం. ఆ రెండూ పక్కపక్కన పెడితే చాలు.

ఉద్దానం గాలి

ఆడపిల్లకి ఓణీ ఫంక్షన్ అలగే కదండీ. ఎప్పుడు ఓణీ వెయ్యాలో ఆ పిల్లని ఎవరూ అడగరు.

పలాస సంగతి ఒకటి చెప్తాను. జీడి పిక్కలు ఒలిచే చోట పెంకులోని నూనె తగిలితే చెయ్యి పొక్కిపోతాది. గుడ్డ మీద పడితే మరక వదలదు. అందుకే పనికెళ్లే చీర వేరేగా ఉంటాది. నా ఫ్రెండు వాళ్లమ్మ పని నుంచి తిన్నగా బడికొచ్చీది, ఫీజు కట్టడానికి, ఆ చీరతోనే. నా ఫ్రెండు ఎప్పుడూ సిగ్గుపడీది కాదు. సిగ్గుపడింది నేను. అది నవలైతే రచయిత తప్పకుండా ఆ పిల్ల చేతే సిగ్గుపడిపిస్తాడు, తరవాత ఏడిపిస్తాడు, చివర్లో తల్లి చేతులు ముద్దు పెట్టుకోపిస్తాడు.

మూడు లాంతర్లు

ఆ చివరి వాక్యానికి మీకు ఏ బహుమతి ఇచ్చినా తక్కువే. పేద తల్లి పాత్రంటే మరకా కన్నీరూ కలిపి కొట్టే అలవాటు మనకి పోవాలి.

ఇక నేను ఆలోచించింది చెప్తాను. నా పాత మాట కొంచెం మారుస్తాను. బట్ట మనిషిని చూపించదు. ఆ బట్ట గురించి ఇంట్లో ఇద్దరికి రెండు అభిప్రాయాలుంటే, ఆ తేడా చూపిస్తుంది. అమ్మ తిరగేసి తొడిగింది, నాన్న తిక్క అన్నాడు. అమ్మమ్మ జీన్సు అంది, మావయ్య ఖాదీ అన్నాడు. అందరూ ఒకటే అనుకునే బట్ట కథలో ఉండక్కర్లేదు, దాన్ని ధోబీకి వేసేయొచ్చు.

ఎవరైనా ‘హంగర్ గేమ్స్’ చదివారా? మా మనవరాలు బలవంతాన చదివించింది. 2008 నాటి నవల. చీటీల్లో పేరొచ్చిన పిల్లల్ని ఒకర్నొకరు చంపుకునే ఆటకి పంపే రోజు. పెద్దపిల్లకి తల్లి తన సొంత మంచి గౌను తీసి ఇస్తుంది. ఆ తల్లీ కూతుళ్లకి మాటలు సరిగా లేవు. ఏళ్ల కిందట తండ్రి పోయినప్పుడు తల్లి మనసు చెదిరి పిల్లల్ని పట్టించుకోవడం మానేసింది. చిన్నపిల్లేమో అక్క పాత బట్టలు వేసుకుంటుంది, వదులైతే పిన్నులు పెట్టి నిలబెడతారు, అయినా వెనక జాకెట్టు అంచు బయటికి వచ్చేస్తుంది. అక్క దాన్ని లోపలికి దోపుతుంది. ఇంతే. కథంతా ఆ చిన్నపిల్ల కోసమే అని అక్కడే తెలిసిపోయింది నాకు. మనవరాలికి చెప్పలేదు, గెలిచానని ఎగురుతుంది.

కోట జంక్షన్

ఒకటి అడగొచ్చా? నేనొక నవల మొదలుపెట్టాను. భావనపాడు లాంటి సముద్రపు ఊరు, పద్నాలుగేళ్ల పిల్ల, తండ్రి గుజరాత్‌లో వేరావల్ చేపల బోట్ల మీద పని. చిన్న ముక్క పెడుతున్నాను:

“దసరాకి నాన్న వచ్చాడు. సంచిలోంచి పింకు గౌను తీశాడు. మెరుపులు, నడుముకి రిబ్బను. పోయినసారి చూసిన పిల్లకి కొన్నాడు. చేతులు దూరాయి, జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోయింది. ‘ఊపిరి బిగపట్టు’ అన్నాడు నాన్న. అమ్మ వెనక నుంచి జిప్పు పట్టుకుని నిలబడింది, లాగలేదు.”

ఎలా ఉంది?

కుట్టుమిషన్ (రాజాం)

రెడీమేడ్ గౌనుకి పక్కల్లో వదిలిన గుడ్డ ఉండదు బాబూ. విప్పినా లాభం లేదు. పక్కన పట్టీ వేసి వెడల్పు చెయ్యొచ్చు గానీ ఆ మెరుపు గుడ్డకి జోడీ మన దగ్గర దొరకదు. ఆ సంగతి తల్లికి తెలిసుంటుంది.

పొందూరు సన్నం

“లాగలేదు” బాగుంది. మెరుపులు, రిబ్బను రెండూ వద్దు. ఒకటి తీసెయ్.

భావనపాడు రేవు

రెండ్రోజులుగా చదువుతున్నాను, ఇప్పుడు నా వంతు. మా నాన్న, ఇద్దరు మావయ్యలు వేరావల్ ఎళ్లినోళ్లే. తమ్ముడూ, దసరాకి ఎవడూ రాడు. అక్కడ వేట నిషేధం జూన్ 1 నుంచి రెండు నెలలు పైనే. ఆగస్టులో సీజను మొదలు, అప్పుడు ఎళ్తే మళ్లీ వచ్చీది ఎండాకాలం ఆఖరికి. దసరా అంటే నడి సముద్రంలో ఉంటారు. 2018 నవంబరులో పాకిస్తానోళ్లు పట్టుకున్న మన శ్రీకాకుళం జిల్లా వాళ్లు కూడా అలగ వేరావల్ బోట్ల మీద ఉన్నోళ్లే, 2020 జనవరి దాకా ఇళ్లకి రాలేదు. కాబట్టి దసరా తీసీ, జూన్ పెట్టు.

జూన్ పెడితే ఇంకోటి వస్తాది. జూన్‌లో బడి తెరుస్తారు. రోజూ యూనిఫామే. పింకు గౌను ఎప్పుడు తొడుక్కుంటాది? పండగ నేదు, పెళ్లి నేదు. ఇంట్లోనే తొడుక్కోవాలి, నాన్న ముందు.

కోట జంక్షన్

అన్నా, నా మొత్తం అధ్యాయం మారిపోయింది. మరి ఆ గౌను ఏమవుతుంది?

భావనపాడు రేవు

ఏటవుతాది. ఆయన ఉన్న రెండు నెలలూ ఆ గుంట సాయంత్రం బడి నుంచి వచ్చి కాసేపు బిగుతుగానే తొడుక్కుంటాది, వెనక జిప్పు తెరిచి, పైన తువ్వాలు కప్పుకుని. ఆగస్టులో ఆయన రైలెక్కినాక అమ్మ చెల్లికి ఇచ్చీస్తాది. చెల్లికి అది పెద్దది.

మూడు లాంతర్లు

పిన్నులు పెట్టండి.

చంపావతి గట్టు

కోట జంక్షన్, ఆ అధ్యాయం తిరగరాసి తీసుకురా, ఆదివారం పిల్లల చేత చదివిద్దాం. భావనపాడు వారు ఆ రోజు విజయనగరం రాగలిగితే మంచిది, లేదంటే ఫోన్లో వినిపిస్తాం.

భావనపాడు రేవు

వస్తాను. మా ఊరి మాట తప్పు రాసుంటే మాత్రం మధ్యలో ఆపీస్తాను, ముందే చెప్తున్నాను.